చెప్పిన అంకె

పార్సిల్ గోదాములో ఆమెను అందరూ కాటా పిన్ని అంటారు. అసలు పేరు జీతాల కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం నెలకోసారి తప్ప బయటికి రాదు. వయసు నలభై ఆరు. ఇరవై రెండేళ్లుగా అదే గోదాము, అదే మూల, అదే స్టూలు. స్టూలు అదే అనడం కూడా తప్పే, మధ్యలో రెండు విరిగాయి. ఎందుకు విరిగాయో అందరికీ తెలుసు, ఆమె ముందు మాత్రం ఎవరూ అనరు.

ఆమె పని రాయడం. బస్తా కాటా మీదికి ఎక్కుతుంది, బరువు చెప్పే మనిషి అంకె గట్టిగా చెబుతాడు, ఆమె అదే అంకెను తిరిగి పలుకుతుంది, అతను "రాసుకో" అంటాడు, ఆమె రాస్తుంది. చెప్పేవాడు రాయకూడదు, రాసే మనిషి చూడకూడదు. గోదాము పెట్టిన మొదటి యజమాని చేసిన రూలు అది. ఆయన పోయాడు, కొడుకు వచ్చాడు, రూలు మాత్రం గోడకు కొట్టిన మేకులా అలాగే ఉంది. మధ్యలో ఒక కంప్యూటర్ కాటా కొన్నారు. దుమ్ముకి రెండు నెలల్లో కళ్లు మూసింది. మళ్లీ పాత ఇనప కాటానే దిక్కయింది. కింద పెద్ద పలక, పక్కన నిలువు కంబం, దాని మీద అడ్డంగా కడ్డీ, కడ్డీ మీద జరిగే గుండు. అంకెలన్నీ కడ్డీకి అవతలి వైపే చెక్కి ఉంటాయి. పలక మీద నిలబడ్డవాళ్లకి కడ్డీ వీపు తప్ప ఇంకేమీ కనిపించదు.

బరువు చెప్పే మనిషికి అరవై ఎనిమిదేళ్లు. గొంతు ఎంత పెద్దదంటే గేటు అవతలున్న లారీ డ్రైవర్లు కూడా తమ సరుకు బరువు అక్కడే వినేసి టీ తాగడానికి వెళ్లిపోతారు. అందుకే మైకు తాత అని పేరు పడింది. పిన్ని మాత్రం బాబాయ్ అనే పిలుస్తుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆమె తల ఎత్తి కడ్డీ వైపు చూడలేదు. బాబాయ్ చెప్పాడంటే చెప్పినట్టే.

అలాంటి పిన్ని ఓ సోమవారం పొద్దున, ఇంకా లారీలు రాకముందే, చెప్పులు విడిచి కాటా ఎక్కి నిలబడింది.

"బాబాయ్, నన్నొకసారి చూడు."

"నిన్నా! కాటా తట్టుకుంటుందా?" అని నవ్వి, గుండు జరిపి, "తొంభై నాలుగు" అన్నాడు.

"తొంభై నాలుగు."

"రాసుకో."

రిజిస్టరు చివరి పేజీలో రాసుకుంది. ఎందుకని ఆయన అడిగితే మోకాళ్ల నొప్పులని చెప్పింది. మోకాళ్లు నొప్పులే, అది అబద్ధం కాదు. కానీ సంగతి మోకాళ్లది కాదు.

సంగతి అక్కది. పిన్నికి ఆరేళ్లప్పుడు తల్లి పోతే, పదమూడేళ్ల అక్కే తల్లయింది. పెంచడమంటే అక్కకి తెలిసింది ఒకటే, తినిపించడం. చెల్లెలు ఏడిస్తే ముద్ద, నవ్వితే ముద్ద, పరీక్ష తప్పితే ముద్ద. "ఇంకొక్క ముద్ద" అని చేత్తో పట్టుకుని నిలబడేది. అలా ముద్దముద్దగా పెరిగిన ఒళ్లది. ఇప్పుడు అక్కకి యాభై మూడు. తాగని మనిషికి, తిండి కూడా సరిగా తినని మనిషికి కాలేయం పాడైంది. ఎందుకంటే డాక్టర్ల దగ్గర కూడా జవాబు లేదు. ఎవరైనా తమ కాలేయంలో ముక్క కోసిస్తే బతుకుతుందన్నారు. పోయినవాళ్ల నుంచి వచ్చే అవయవాల కోసం వరుసలో పేరు రాశారు కానీ, ఆ వరుస చాలా పొడుగు. కొడుకు రక్తం గ్రూపు వేరు. బావకు షుగరు. చెల్లెలిది మాత్రం అన్నీ కలిశాయి. ఒక్కటే అడ్డం. ఆమె కాలేయం నిండా కొవ్వుంది.

"డెబ్బై ఎనిమిదికి రండి. అప్పుడు మళ్లీ స్కానింగ్ తీసి తేదీ ఇస్తాం. ఆరేడు నెలల్లో అయితే మంచిది" అన్నాడు డాక్టరు. 

బయటికొచ్చాక అక్క చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు. చెప్పావంటే నిన్ను ఎత్తి నెత్తిన పెట్టుకుంటారు. రేపు నీకు భయమేసి వద్దనుకున్నా దిగనివ్వరు. మన రెండిళ్ల వాళ్లకీ తెలిస్తే చాలు." అక్క బుద్ధే అంత. తన ప్రాణం పోతున్నా చెల్లెలు వెనక్కి తగ్గడానికి దారి తెరిచి పెట్టాలి. అందుకే గోదాములో పిన్ని నోరు విప్పలేదు.

మొదలుపెట్టింది. ఉడికించిన కూరగాయ ముక్కలు, రెండు గుడ్లు, ఒక పండు. పొద్దున గంట నడక, సాయంత్రం గంట నడక. ఇది గొప్పగా చెప్పుకునే కథ కాదు. ఆకలి ఆకలిగానే ఉంటుంది, దానికి అలవాటు పడటమంటూ ఉండదు. అలవాటవుతుందని చెప్పేవాళ్లంతా భోంచేసి చెప్పేవాళ్లే.

ఒళ్లు మాత్రం మారింది. ముందు ఉంగరం వదులైంది. సబ్బు నురుగుతో పాటు జారి సింకులో పడితే, దారం చుట్టి మళ్లీ పెట్టుకుంది. తర్వాత చెప్పులు. పాదాలు కూడా చిక్కుతాయని ఆమెకు అంతవరకు తెలియదు. గోదాము నుంచి పై ఆఫీసుకి ఇరవై రెండు మెట్లు. ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి రెయిలింగు పట్టుకునే మనిషి, రెండో నెలలో పదిహేనో మెట్టు దాకా వెళ్లింది, మూడో నెలలో ఆగనే లేదు. పైకెళ్లాక గుర్తొచ్చింది, ఆగలేదని. సంతోషపడాలి కదా అనుకుంది. అనుకుని ఫైలు ఇచ్చి దిగొచ్చేసింది.

మొగుడు స్కూలు బస్సు నడుపుతాడు, పొద్దున నాలుగున్నరకే లేవాలి. ఒకరోజు కళ్లు ఎర్రగా చేసుకుని కాఫీ ముందు కూర్చున్నాడు. "నువ్వు గురక మానేశావే. పద్దెనిమిదేళ్లు ఆ మోతలోనే నిద్రపోయాను. ఇప్పుడు చప్పుడు లేకపోతే నిద్ర పట్టట్లేదు. ఊపిరి ఉందో లేదోనని లేచి చూస్తున్నాను."

"ఉందా?" అంది.

"ఉంది."

"సరే."

మెడ కింద రెండు ఎముకలు పైకొచ్చాయి. అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్తవాళ్లు తొంగిచూస్తున్నట్టున్నారు. జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. ఎండాకాలంలో కూడా చలేసింది. చేతుల కింద చర్మం వేలాడింది. మోకాళ్లు మెట్ల మీద చప్పుడు చెయ్యడం మానేశాయి. బాగుపడేది ఏదో, పాడయ్యేది ఏదో ఆమె లెక్క వేసుకోలేదు. ఒక్క అంకె మాత్రం కావాలి, డెబ్బై ఎనిమిది. తక్కినవన్నీ దారిలో కనబడే దుకాణాల లాంటివి.

గోదాములో అందరికీ నీలం కోటు, నడుముకు తోలు బెల్టు ఇస్తారు. ఆమె బెల్టుకి చివరి రంధ్రం నుంచి మొదలుపెట్టి, రెండు వారాలకొకటి చొప్పున లోపలికి జరిగింది. రంధ్రాలు అయిపోయాక మేకు కాల్చి కొత్తవి పొడిచింది. ఒకటి. రెండు. మూడు. మూడో రంధ్రం దగ్గర ఆగిపోయింది.

కాటా కూడా అక్కడే ఆగింది. ఎనభై నాలుగు. వచ్చే సోమవారం ఎనభై నాలుగు. ఆ పై సోమవారమూ ఎనభై నాలుగే. ఆరు వారాలు. నడక గంటన్నర చేసింది, పండు మానేసింది. అయినా ఎనభై నాలుగు చెక్కు చెదరలేదు. అక్కకి కళ్లు పచ్చబడ్డాయని, పొట్టలో నీరు చేరుతోందని బావ ఫోన్లో చెప్పాడు. ఆ రోజు మధ్యాహ్నం పిన్ని తన తిండి డబ్బా కూడా తెరవలేదు. బస్తాల మధ్య నడుస్తూ నడుస్తూ గోడకు ఆనుకుని జారి కూర్చుంది. మైకు తాత పరిగెత్తుకొచ్చి నీళ్లు పట్టాడు.

"ఏం పిచ్చే అమ్మాయ్ నీకు? మోకాళ్ల కోసం ప్రాణం తీసుకుంటావా?"

ఆమె నీళ్లు తాగి లేచి, "లారీ ఆగి ఉంది బాబాయ్" అంది.

ఆ తర్వాతి సోమవారం కాటా ఎక్కింది. ఆయన గుండు ఇటు జరిపాడు, అటు జరిపాడు. కాసేపు ఆగాడు.

"ఎనభై మూడు!" అని గోదాము అదిరేలా అరిచాడు.

"ఎనభై మూడు."

"రాసుకో, రాసుకో."

ఆ మధ్యాహ్నం ఆమె డబ్బా అంతా తింది. ఆయన ఓరకంట చూసి, తన డబ్బా మూత తీసుకున్నాడు.

అక్కడి నుంచి అంకె ఆగలేదు. ఎనభై రెండున్నర. ఎనభై ఒకటి. ఎనభై. ఆసుపత్రి దూరం, రైల్లో ఎనిమిది గంటలు పడుతుంది. అందుకని నర్సు ప్రతి సోమవారం ఫోన్లోనే అడిగేది, "ఎంతకొచ్చారండీ?" అని. పిన్ని చెప్పేది, నర్సు రాసుకునేది. దారిలో మందుల దుకాణం ముందు బరువు చూసే మిషన్ ఒకటి లైట్లు వెలిగించుకుని నిలబడి ఉండేది. దాని మొహం కూడా చూడలేదు. ఇరవై రెండేళ్లు కాటా దగ్గర కూర్చున్న మనిషి, ఆ బొమ్మ మిషన్ని నమ్ముతుందా?

బెల్టు మాత్రం మూడో రంధ్రంలోనే ఉంది. ఉంగరానికి చుట్టిన దారానికి ఇంకో చుట్టు అవసరం పడలేదు. చూడలేదా అంటే చూసింది. పొద్దున్నే బెల్టు బిగించుకుంటూ రోజూ చూసింది. తోలు బిగిసిందేమో అనుకుంది. అసలు తన ఒంటి మీది బెల్టు ఒకటి చెబుతుంటే, అవతల కడ్డీ దగ్గర నిలబడ్డవాడు ఇంకొకటి చెబుతుంటే, ఎవరి మాట వింటారు ఎవరైనా? ఆమె బాబాయ్ మాట వింది. ఆమె ఉద్యోగమే అది.

ఏడో నెల మొదట్లో "డెబ్బై ఎనిమిది!" అని అరిచాడాయన. అరిచి తనే చప్పట్లు కొట్టాడు. నర్సు స్కానింగ్‌కి రమ్మని తేదీ ఇచ్చింది. మొగుడు సెలవు పెట్టాడు.

ఆసుపత్రిలో బరువు చూసే గది చిన్నది. పిన్ని మిషన్ ఎక్కింది. ఎర్ర అంకెలు రెండుసార్లు మిణుకుమని నిలబడ్డాయి. ఎనభై మూడు పాయింట్ ఆరు.

"మీ మిషన్ పాడైంది" అంది.

"లేదండీ, మొన్ననే సరిచూశారు" అంది నర్సు.

దిగి మళ్లీ ఎక్కింది. మళ్లీ అదే. మూడోసారీ అదే. డాక్టరు లోపలికొచ్చాడు. "మీరెంత ఉంటారు?" అని ఆయన్ని అడిగింది. మొగుడు సిగ్గుతో తల దించుకున్నాడు. డాక్టరు మంచివాడు, ఏమీ అనకుండా బూట్లు విప్పి ఎక్కాడు. "డెబ్బై ఉంటాను" అన్నాడు. డెబ్బై పాయింట్ రెండు అంది మిషన్. 

స్కానింగ్ తీశారు. కొవ్వు తగ్గింది, చాలినంత తగ్గలేదు. ఇప్పుడు కోస్తే మీకూ ప్రమాదం, ఆవిడకీ ప్రమాదం అన్నాడు డాక్టరు. ఇంకో ఆరు వారాలు అన్నాడు.

అక్క అదే ఆసుపత్రిలో మంచం మీద ఒక పక్కకి ఒరిగి ఉంది. చేతులు పుల్లల్లా, పొట్ట మాత్రం ఎత్తుగా. "ఎంతన్నారే?" అంది.

"ఎనభై మూడున్నర."

అక్కకి నవ్వొచ్చింది, నవ్వడానికి ఓపిక లేక కళ్లతోనే నవ్వింది. "నేను పెట్టిన తిండే అది. అంత తేలిగ్గా వదుల్తుందా?" అని చెయ్యి చాచి చెల్లెలి బుగ్గ తడిమింది. "మొహమంతా పీక్కుపోయింది. ఏమైనా తిన్నావా?"

"తిన్నాను" అంది. తినలేదు.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే గోదాముకెళ్లి, కాటా సరి చూసే ఇరవై కిలోల ఇనప గుళ్లు నాలుగు పలక మీద పేర్చింది. "చెప్పు బాబాయ్" అంది.

"ఎనభై."

గుళ్లు దింపి, తను ఎక్కింది. "ఇప్పుడు చెప్పు."

ఆయన గుండు మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.  చివరికి ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "ఎనభై మూడున్నర" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"నువ్వు పడిపోయావు చూడు, ఆ తర్వాత నుంచి. ఏం చెయ్యమంటావమ్మా? ఎనభై నాలుగు అన్నప్పుడల్లా నీ మొహం చూళ్లేకపోయాను. కడుపు మాడ్చుకుని చస్తావేమోనని కొంచెం తగ్గించి చెప్పాను. చెప్పిన రోజు తిన్నావు. తింటున్నావు కదా అని మళ్లీ చెప్పాను. మోకాళ్లకి ఓ అయిదు కిలోలు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకున్నాను." ఆగి, భయం భయంగా, "తప్పా?" అన్నాడు.

కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు పలక మీదే నిలబడి చూసింది. రాలేదు. మోకాళ్లు కావు బాబాయ్, అక్క అని చెప్పడానికి నోరు తెరిచింది. తెల్లటి గడ్డం, ఇంకా గుండు మీదే ఉన్న వేళ్లు కనిపించాయి. ఆరు వారాలే కదా అనుకుంది. ఆరు వారాల్లో తగ్గితే ఈయనకి తెలియాల్సిన పని కూడా లేదు.

"ఇకనుంచి ఉన్నది చెప్పు" అంది.

"చెప్తాను. ఒట్టు."

చెప్పాడు. ఎనభై రెండున్నర అంటే ఎనభై రెండున్నరే. ఎనభై ఒకటి. ఎనభై. ఎనభై అన్న రోజు బెల్టు నాలుగో రంధ్రంలోకి వెళ్లింది.

ఆ ఎనభై తర్వాత రెండు రోజులకి, పొద్దున పదకొండు గంటలప్పుడు బావ ఫోన్ చేశాడు. కాటా మీద బస్తా ఉంది. ముప్పై తొమ్మిది అన్నాడు మైకు తాత. ముప్పై తొమ్మిది అంది, రాసింది, అప్పుడు ఫోన్ ఎత్తింది. అక్కకి జ్వరం వచ్చిందట, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకిందట, తెల్లారేసరికి అయిపోయిందట. "సరే బావా, బయలుదేరతాను" అని ఫోన్ పెట్టేసింది. లారీలో ఇంకా పదకొండు బస్తాలున్నాయి. పదకొండూ రాసి, కింద గీత గీసి, సంతకం పెట్టి, అప్పుడు లేచింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమెకి కూడా అర్థం కాలేదు.

వెళ్లింది. చూసింది. అందరూ ఏడిచారు. ఆమెకి ఏడుపు రాలేదు. "చెల్లెలికి ఎంత గుండె ధైర్యమో" అన్నారెవరో. ఇంకెవరో వెనక నుంచి, "ఎంత సన్నబడిందో చూశారా, గుర్తే పట్టలేదు" అన్నారు.

పదిరోజులకి పనిలోకి వచ్చింది. మానెయ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి కూరగాయ ముక్కలు అలాగే తింది, పొద్దునా సాయంత్రం నడిచింది. కాళ్లు వాటంతటవే వెళ్లాయి. రక్త పరీక్ష చేయించమని మొగుడు పోరితే వెళ్లింది. అన్నీ బాగున్నాయి, కాలేయం కడిగిన ముత్యంలా ఉంది, పదేళ్ల ఆయుష్షు పెరిగిందనుకోండి అన్నాడు వాళ్ల వీధి డాక్టరు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆఫీసులో ఆడవాళ్లు చుట్టూ చేరి, "ఏం చేశావు పిన్నీ, మాకూ చెప్పు" అన్నారు. నడక అంది.

మూడో సోమవారం. లారీలు ఇంకా రాలేదు. చెప్పులు విడిచి కాటా ఎక్కింది.  సోమవారం కాబట్టి ఎక్కింది.

మైకు తాత గుండు జరిపాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "డెబ్బై ఎనిమిది" అన్నాడు. వెంటనే చెయ్యి అడ్డంగా ఊపాడు. "నిజంగా. కావాలంటే నువ్వే వచ్చి చూసుకో."

"డెబ్బై ఎనిమిది" అంది. దిగి, చివరి పేజీలో రాసింది. పాత డెబ్బై ఎనిమిది పైనెక్కడో ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు.

ఆయన వచ్చి పక్కన బస్తా మీద కూర్చున్నాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "అమ్మాయ్, అడుగుదామా వద్దా అని చూస్తున్నాను. మీ అక్కకి ఏమైంది?"

"కాలేయం పాడైంది."

"అయ్యో. మా వీధి చివర ఒకాయనకి ఇదే జబ్బు. తమ్ముడు ముక్క కోసిచ్చాడు. తమ్ముడిది కొంచెం లావు ఒళ్లు, ముందు తగ్గి రమ్మన్నారట..." అంటూ ఆగిపోయాడు. ఆమె మొహం చూశాడు. రిజిస్టరు చివరి పేజీ చూశాడు. మళ్లీ ఆమె మొహం చూశాడు.  ఎప్పటికో, "నీది... ఇవ్వడానికి..." అన్నాడు.

పిన్ని పెన్ను మూత పెట్టింది.

"కలవలేదు బాబాయ్. మొదటి రోజే చూసి చెప్పేశారు. ఎవరిదీ కలవలేదు."

"నిజంగానా?"

"నిజంగా."

ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలాడు. ఇరవై రెండేళ్లు ఆయన చెప్పింది ఆమె చూడకుండా రాసుకుంది. ఇవాళ ఆమె చెప్పింది ఆయన చూడకుండా నమ్మాడు. నమ్మాలనుకున్నాడు కూడా, అది వేరే సంగతి. తర్వాత తన డబ్బా తెచ్చి ఆమె ముందు మూత తీశాడు.

"ఇంకేం తగ్గుతావమ్మా, చాలు. ఇవాళ నా ఎదురుగా తిను."

తింది. ఒక ముద్ద, రెండు ముద్దలు. రుచి తెలియలేదు, నమిలి మింగింది. చెయ్యి కడుక్కోబోతుంటే ఆయన డబ్బా ఇంకాస్త దగ్గరికి జరిపి, "ఇంకొక్క ముద్ద" అన్నాడు.

అది నోట్లో పెట్టుకుంది, మింగుడు పడలేదు. ఏడుపొచ్చింది. అక్క పోయిన తర్వాత అదే మొదటిసారి. నోట్లో ముద్ద అలాగే ఉండగా, భుజాలు అదిరేలా, చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆయన ఏం చెయ్యాలో తోచక వీపు మీద చెయ్యి వేసి, "ఏడువు, ఏడువు" అంటూ కూర్చున్నాడు.

గేటు దగ్గర లారీ హారన్ కొట్టింది. మొదటి బస్తా కాటా మీద పడింది. ఆయన లేచి కడ్డీ దగ్గరికెళ్లాడు.

"నలభై ఒకటి!"

ఆమె ముక్కు తుడుచుకుని పెన్ను మూత తీసింది. "నలభై ఒకటి" అంది.

"రాసుకో."

తల ఎత్తకుండా రాసుకుంది.